గొడ్డలి అక్షరం

కొత్త రకం అక్షరం కనిపెట్టినవాణ్ణి ఊరంతా మెచ్చుకుని, చెయ్యిపట్టి రాయడం నేర్పిన గురువొక్కడు మాత్రం ముక్తసరిగా రెండు మాటలని ఊరుకుంటే, ఆ శిష్యుడికి అన్నం ఎలా సయిస్తుంది? కోటిలింగానికి సయించలేదు. రెండు మాటల్లో మొదటిది బాగానే ఉంది. రెండోదే ముల్లులా గుచ్చుకుంది.

ఊరు పాలరేవు. కృష్ణ ఒడ్డున పడవలు ఆగే చోటు. రేవులోకి దిగే ఏటవాలు దారికి పైన, బోర్డులు రాసే గనీ మాస్టారి కొట్టు. కోటిలింగం మీసాలు రాకముందు ఆ కొట్లో చేరి, పెళ్లయి ఇద్దరు పిల్లల తండ్రయినా అక్కడే ఉన్నాడు.

గనీ మాస్టారి అక్షరం గుండ్రన. అప్పుడే బాణలిలోంచి తీసిన అరిసెలా ఉంటుంది, ఎక్కడా ఒత్తు కనపడదు, చివర కనపడదు. మనిషి మాటా అంతే. ఆయన మాట్లాడితే పక్కనున్నవాడు చేతిలో పని ఆపి మెడ వంచాల్సిందే. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గిపోయేది. అందుకని ఆయనకి కోపం వచ్చిందని తెలుసుకోవడానికి కూడా దగ్గరికి పోవాల్సి వచ్చేది.

దీనికి సరిసమానంగా దేవుడు అదే రేవులో నాగభూషణాన్ని పెట్టాడు. రేవు వేలంలో పాడుకున్న పాటదారు ఆయన. ఆ గొంతు తెల్లారి పడవతో లేచి, పొద్దుగూకాక పడవతో పడుకునేది. "ఆగండి, ఎక్కమాకండి, జరగండి, ఒరే ఆగరా, ఆ మేకని దించు, ఆగమంటే నిన్నే." రోజంతా అదే పాట. ఆగేవాడు ఒక్కడూ లేడు, దిగే మేకా లేదు. పాలరేవు వాళ్లకి కాకుల గోల ఎంతో అదీ అంతే.

ఇక అక్షరం సంగతి. ఆ ఏడు కుస్తీ పోటీలవాళ్లు వచ్చి, ఏటి మధ్యలో పడవలో కూర్చున్నవాడికి కూడా కనపడేట్టు గోడ మీద రాయమన్నారు. మాస్టారు జ్వరంతో పడుకున్నాడు. కోటిలింగం వెడల్పాటి పట్టె కుంచె తీసుకుని, పక్కన చెక్క స్కేలు ఆనించి, వంపు ఉన్నచోటల్లా వంపు తీసేసి మూల పెట్టాడు. సున్నాకి కూడా మూలలు పెట్టాడు. తలకట్టు కొడవలిలా పైకి లేచింది. కొమ్ములు నిజంగానే కొమ్ములయ్యాయి. నల్లరంగు దట్టంగా నింపేసరికి గోడ మీద కుస్తీ వస్తాదులే వరసగా నిలబడ్డట్టుంది.

పడవ ఏసోబు అవతలి ఒడ్డు నుంచి వస్తూ గోడ చూసి తెడ్డు వెయ్యడం మర్చిపోయాడు. "ఏందిరా కోటీ, కుంచెతో రాశావా గొడ్డలితో నరికావా?" అన్నాడు. ఆ రోజు నుంచి దానికి గొడ్డలి అక్షరం అని పేరు పడిపోయింది.

జ్వరం తగ్గాక గనీ మాస్టారు వచ్చి గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక మూల మీద వేలు పెట్టి, ఆ అంచు వెంట కింది దాకా దించాడు. ఎక్కడా రంగు చెదరలేదు.

"బాగుంది," అన్నాడు.

కోటిలింగం మెడ వంచి, "నిజంగా నచ్చిందా మాస్టారూ?" అనడిగాడు.

"చాలా బాగుంది. దాచుకో."

అంతే. తువ్వాలు భుజాన వేసుకుని కొట్లోకి వెళ్లిపోయాడు.

దాచుకోవడం ఏమిటి? చేసిన వంట ఎవరైనా ఉట్టి మీద దాచుకుంటారా, వడ్డిస్తారా? కోటిలింగం ఆ రాత్రి కంచం ముందు కూర్చుని ఇదే ఆలోచించాడు. ముసలాయనకి కుళ్లేమో అన్న మాట మనసులోకి వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాడు గానీ దాన్ని బయటికి పంపలేదు, లోపలే ఓ మూల కూర్చోబెట్టుకున్నాడు.

మరి దాచలేదు. మొదట నాటకాల కంపెనీ వాళ్లు వచ్చారు, దుర్యోధనుడి పేరు ఆ అక్షరంలో రాస్తే సగం వేషం అక్కడే కట్టినట్టయింది. ఎడ్ల పందేలవాళ్లు వచ్చారు. లారీ నుదుటి మీద రాయమని డ్రైవర్లు వచ్చారు. ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేరు. ఆ తర్వాత సోడా కొట్టు రత్తమ్మ వచ్చింది. తర్వాత గాజుల కొట్టు, క్షవరం పాక, ఇడ్లీ హోటలు, ఫొటో స్టూడియో. చివరికి రేవు దారికి రెండు వైపులా ఎవరి బోర్డు చూసినా ఒకటే గొడ్డలి. పక్క కొట్టుకంటే మాది కాస్త పెద్దగా ఉండాలని ఒకళ్లు, దానికంటే మాది పెద్దగా అని ఇంకొకళ్లు. కోటిలింగానికి కాళ్లు నేలమీద ఆనడం లేదు.

పురుళ్లు పోసే డాక్టరమ్మ ఆసుపత్రికి కూడా అదే రాశాడు. నెలలు నిండిన కోడల్ని తీసుకొచ్చిన ఓ అత్తగారు గుమ్మం దగ్గర తలెత్తి చూసి, "ఇక్కడొద్దులేవే తల్లీ, బోర్డే కోసేట్టుంది," అని వెనక్కి తిప్పుకుపోయిందట. ఈ ముచ్చట కోటిలింగమే కొట్లో చెప్పి పగలబడి నవ్వాడు. గనీ మాస్టారు నవ్వలేదు. శిష్యుడు రాసిన ప్రతి కొత్త బోర్డూ ఎండలో ఆరబెట్టినప్పుడు తలెత్తి చూసి, "ఇదీనా?" అని మాత్రం అనేవాడు. ఆ మాటకి కోటిలింగం మెడ వంచకుండా, వినపడనట్టు నటించేవాడు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఏరు తగ్గింది. తగ్గి చూస్తే, ఇసక తవ్వుకుపోయిన చోట రేవులోనే పెద్ద గొయ్యి పడింది. పైన నీళ్లు చూస్తే అమాయకంగా ఉంటాయి. నాలుగడుగులు మోకాటి లోతు, అయిదో అడుగు పాతాళం. కార్తీక స్నానాలకి జనం వచ్చే రోజులు. నాగభూషణం పరుగున కొట్టుకి వచ్చాడు.

"ఒరే కోటీ, నేను అరిస్తే ఎవడు వింటాడురా? నీ గొడ్డలితో ఓ బోర్డు రాసిపెట్టు. చూసినవాడు గుండాగి నిలబడాలి," అన్నాడు.

గనీ మాస్టారు అప్పుడు ఊళ్లో లేడు, బాపట్లలో కూతురి దగ్గరున్నాడు. కోటిలింగం ఒక్కడే కూర్చుని మనసు పెట్టి రాశాడు. పెద్ద రేకు, తెల్ల రంగు, దాని మీద ఎర్రగా: స్నానానికి వచ్చు భక్తులకు ముఖ్య హెచ్చరిక, ఇచ్చట నీటి అడుగున ప్రమాదకరమైన గొయ్యి కలదు, మోకాటి లోతు దాటి వెళ్లరాదు, పిల్లలను కనిపెట్టుకొనవలెను, ఇట్లు రేవు పాటదారు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గొడ్డలే. రేకులో వేలు పెట్టే సందు లేదు. నీళ్ల అంచున రెండు గుంజలు పాతి నిలబెట్టి, ఇంతకంటే ఎవడు చెప్పగలడు అనుకున్నాడు.

సోమవారం పొద్దున కేకలు వినపడి కోటిలింగం కుంచె వదిలేసి రేవులోకి ఉరికాడు.

ఇసక మీద ఓ మనిషి వెల్లకిలా పడున్నాడు. పేరు పెద్దిరాజు, మిరప రైతు, భార్యతో స్నానానికి వచ్చాడు. ఏసోబు పడవలోంచి దూకి జుట్టు పట్టి లాక్కొచ్చాడు గాబట్టి ప్రాణం నిలబడింది. మనిషి నీళ్లు కక్కుతున్నాడు. భార్య ఆయన తల ఒళ్లో పెట్టుకుని ఏడవడానికి కూడా ఊపిరి చాలక చూస్తోంది.

కోటిలింగం చూపు ఆ మనిషి మీద నుంచి బోర్డు మీదికి పోయింది. బోర్డు మూలకి ఓ చొక్కా, ఓ చేతిసంచీ వేలాడుతున్నాయి. పెద్దిరాజువే. బోర్డుకి చొక్కా తగిలించి, అక్కడి నుంచి తిన్నగా గోతిలోకి నడిచాడు. గొయ్యి అన్న మాట సరిగ్గా ఆ చొక్కా కిందే ఉంది.

ఆయన కాస్త తేరుకున్నాక కోటిలింగం పక్కన గొంతుక్కూర్చుని, "బోర్డు చూళ్లేదా బాబాయ్?" అనడిగాడు. 

పెద్దిరాజు కళ్లు చికిలించాడు. "ఏ బోర్డు నాయనా? సోడా కొట్టుదా?" అన్నాడు.

ఆ రోజు కోటిలింగం ఇంటికి పోలేదు, కొట్లోనే బల్ల మీద కూర్చున్నాడు. పెళ్లాం కబురంపితే ఆకలి లేదన్నాడు. ఓ మనిషి తన అక్షరానికి చొక్కా తగిలించి చావబోయాడు. ఎటు చూసినా అదే కనపడుతోంది. రేపు ఇంకొకడు వస్తాడు, ఏసోబు అప్పుడు అవతలి ఒడ్డున ఉంటే?

సాయంత్రం బస్సుకి గనీ మాస్టారు దిగాడు. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు, సంచీ కింద పెట్టకుండానే శిష్యుడి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇంకెంత పెద్దగా రాయాలి మాస్టారూ?" అన్నాడు కోటిలింగం. "రేకు పట్టినంతా రాశాను. ఎర్రగా రాశాను. ఇంకా రెట్టింపు రేకు తెప్పించనా? చెప్పండి, మీరు ఎలా అంటే అలా."

గనీ మాస్టారు సంచీ బల్ల మీద పెట్టాడు. తర్వాత ఏదో అన్నాడు. కోటిలింగం మెడ వంచాడు.

"పొద్దున పోయి చూద్దాం," అన్నాడాయన.

తెల్లారి ఇద్దరూ రేవులోకి దిగారు. అప్పటికే జనం ఉన్నారు. క్షవరం పాకలో గుండ్లు గీస్తున్నారు, రత్తమ్మ సోడాలు కొడుతోంది, నాగభూషణం పడవ దగ్గర తన పాట అందుకున్నాడు. గనీ మాస్టారు లుంగీ పైకి కట్టుకుని నీళ్ల అంచున నిలబడ్డాడు. కోటిలింగం బోర్డు ముందు నిలబడ్డాడు. దగ్గర నుంచి చూస్తే ప్రతి అక్షరమూ పులే. స్నానానికి దిగినవాడికి ఎలా కనపడుతుందో చూద్దామని నీళ్లలోకి దిగి, బోర్డు వైపు తిరిగి, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.

బోర్డు రాసేవాడికి ఇది పనితో పాటు అబ్బే జబ్బు. రాయడం, వెనక్కి నడవడం, కళ్లు సగం మూసి చూడటం. నిచ్చెన మీదున్న సంగతి మర్చిపోయి వెనక్కి అడుగేసి నడుం విరగ్గొట్టుకున్నవాడు జిల్లాకొకడుంటాడు. చూపంతా అక్షరం మీద ఉంటుంది, కాళ్లు వాటి దారిన అవి పోతుంటాయి.

కోటిలింగం ఒకడుగు వెనక్కేశాడు. కళ్లు సగం మూశాడు. బోర్డు వెనక రత్తమ్మ సోడా కొట్టు బోర్డు కనపడింది. ఇంకో అడుగేశాడు. దాని పక్కన గాజుల కొట్టు. ఇంకో అడుగు. పైన క్షవరం పాక, ఆ పైన ఇడ్లీ హోటలు, ఫొటో స్టూడియో. ఒకదాని నెత్తిన ఒకటి, ఒడ్డంతా గొడ్డళ్లు. మధ్యలో తన ఎర్ర బోర్డు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇదేమిటి, మొన్న పెట్టినప్పుడు ఇలా లేదే అనుకున్నాడు. ఇంకాస్త దూరం నుంచి చూస్తే తేలుతుందేమో.

"ఒరే కోటీ, ఆగరా. వెనక్కి పోమాక, ఆగు. ఏయ్ అమ్మాయ్, నువ్వాగు, పడవ నిండింది. ఆగరా కోటీ," అని నాగభూషణం అరుస్తున్నాడు.

కోటిలింగం చెవిన పడలేదని కాదు. పడింది. రోజూ పడేదే. ఇంకో అడుగు కోసం కాలెత్తాడు.

"ఆగు."

రేవంతా ఆగిపోయింది. క్షవరం పాకలో కత్తి తల మీదే నిలిచింది. సోడా కొట్టబోతున్న రత్తమ్మ బొటనవేలు గోళీ మీదే ఉండిపోయింది. పడవ ఎక్కబోయిన పిల్ల ఒక కాలు పడవలో, ఒక కాలు నీళ్లలో పెట్టి అలాగే నిలబడింది. నాగభూషణం నోరు తెరుచుకునే ఉంది గానీ అందులోంచి మాట రావడం లేదు.

కోటిలింగం ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. అది ఎవరి గొంతో అతనికి తెలియలేదు. ఇన్నేళ్లలో అలాంటి గొంతు ఆ రేవులో వినలేదు. చూస్తే గనీ మాస్టారు మోకాళ్లు మునిగేదాకా నీళ్లలోకి వచ్చేసి ఉన్నాడు, చెయ్యి ముందుకి చాపి ఉంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

ఆనించి ఉన్న రెండో కాలి మడమ కింద ఇసక మెల్లగా జారడం కోటిలింగానికి అప్పుడు తెలిసింది.

"కదలమాక," అని ఏసోబు పడవని అడ్డంగా తెచ్చి తెడ్డు అందించాడు. కోటిలింగం దాన్ని రెండు చేతులా పట్టుకుని పడవలోకి ఒరిగాడు. తర్వాత అదే తెడ్డు తీసుకుని, తాను కాలు వెయ్యబోయిన చోట నీళ్లలోకి దించాడు. తెడ్డంతా పోయింది. భుజం దాకా చెయ్యి పోయింది. అడుగు తగల్లేదు.

ఒడ్డుకి చేరాక ఇసక మీద కూలబడ్డాడు.  ఇద్దరు పిల్లలూ, ఇంట్లో ఎదురుచూసే మనిషీ ఒక్కసారి కళ్ల ముందుకి వచ్చారు. గనీ మాస్టారు తడిసిన లుంగీ పిండుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు, భుజం మీది తువ్వాలు తీసి శిష్యుడి వీపు మీద కప్పాడు.

కోటిలింగం ఆయన వైపు తిరిగాడు.

"మీకు అంత గొంతుందా మాస్టారూ?"

గనీ మాస్టారు పెదాలు కదిలాయి. ఎప్పటి గొంతే. కోటిలింగం మెడ వంచాడు.

"ఉంది," అన్నాడాయన. "దాచుకున్నాను."

కోటిలింగం వీపు మీది తువ్వాలు దగ్గరికి లాక్కున్నాడు. తలెత్తి ఒడ్డంతా పైదాకా చూశాడు. సోడాలు, గాజులు, గుండ్లు, ఇడ్లీలు. ఒక్కొక్కటీ తన చేత్తో రాసినవే, ఒక్కో దానికి ఒక్కో రోజు ఎంత మురిసిపోయాడో గుర్తుంది. కళ్లు తుడుచుకుని లేచి కొట్లోకి వెళ్లాడు. నిచ్చెన తెచ్చి రత్తమ్మ కొట్టుకి ఆనించాడు.

"ఏందబ్బాయ్, బోర్డు బాగానే ఉందిగా?" అంది రత్తమ్మ.

"గుండ్రంగా రాస్తానత్తా."

"గుండ్రంగా రాస్తే సోడా ఎవరు తాగుతారు?"

"దాహమేసినవాడు తాగుతాడులే."

రత్తమ్మకి ఆ జవాబు రుచించలేదు. కానీ పొద్దుటి కేక ఆమె కూడా విన్నది. బొటనవేలు చూసుకుని, సరే కానీ అంది.

తన అక్షరం మీద తానే తెల్లరంగు పూయడం ఎలా ఉంటుందో పూసినవాడికే తెలుస్తుంది. మొదటి పూతకి మూలలు లోపల్నుంచి పైకి కనపడుతూనే ఉన్నాయి. రెండో పూత వేశాడు. పక్క కొట్టు నుంచి టర్పెంటాయిలు వాసన వస్తే తిరిగి చూశాడు. గనీ మాస్టారు గాజుల కొట్టు ముందు ముక్కాలి పీట వేసుకుని, ఎవరూ పిలవకుండానే 'గా' అక్షరం రాస్తున్నాడు.  అలా ఒక్కో బోర్డే మారుతూ పోయింది. కుస్తీ గోడ జోలికి మాత్రం పోలేదు. అది పోటీల మైదానం వైపు తిరిగి ఉంది, దాని పని అది చేసుకుంటోంది. డాక్టరమ్మ బోర్డుని ఆమె అడక్కుండానే కోటిలింగం దించుకొచ్చి మార్చి పెట్టాడు.

చివరికి గొయ్యి దగ్గరి రేకు మిగిలింది. దాన్నీ తెల్లగా చేసేశాడు. భక్తులు, హెచ్చరిక, కనిపెట్టుకొనవలెను, ఇట్లు, ఇవన్నీ వేరే చెక్క మీద మాస్టారి బాణీలో తీరిగ్గా రాసి, జనం చెప్పులు విడిచే చోట పెట్టాడు. రేకు నీళ్ల అంచుకి తీసుకుపోయి పట్టె కుంచె ఎర్రరంగులో ముంచాడు. అంత పెద్ద రేకు మధ్యలో, గొడ్డలితో, ఒకే ఒక్క మాట రాశాడు.

లోతు.

మళ్లీ సోమవారం గురుశిష్యులిద్దరూ కొట్టు అరుగు మీద కూర్చుని రేవు చూస్తున్నారు. జనం దిగుతున్నారు. నాగభూషణం అరుస్తున్నాడు, ఎవరూ ఆగడం లేదు. ఎక్కడి నుంచో వచ్చిన ఓ పెద్దాయన చొక్కా విప్పి భుజాన వేసుకుని, తగిలించే చోటు వెతుక్కుంటూ నీళ్ల అంచుకి వచ్చాడు. రేకు కనపడింది. తగిలించబోయి చెయ్యెత్తాడు.

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ మాట వంక చూశాడు, నీళ్ల వంక చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి, వెంట వచ్చిన మనవరాలి చెయ్యి పట్టుకుని, గొయ్యి లేని చోటికి, ఏసోబు పడవ కట్టే వైపు నడిచాడు.

కోటిలింగం వెనక్కి జరిగి గోడకి చేరగిలబడ్డాడు. 

పక్కన గనీ మాస్టారు ఏదో అన్నాడు. కోటిలింగం మెడ వంచాడు.

"బాగుంది," అన్నాడాయన.

ఈసారి రెండో మాట అనలేదు.